ఆ ఒక్క వాక్యం మన పత్రికలు ఎందుకు వేయవు?

అమెజాన్ మీద వార్త రాస్తే వాషింగ్టన్ పోస్ట్ మధ్యలో ఒక వాక్యం వేస్తుంది: ఆ కంపెనీ స్థాపకుడు జెఫ్ బెజోసే ఈ పత్రిక యజమాని అని. అంతమాత్రాన అక్కడ అంతా సవ్యంగా ఉందని కాదు. 2013లో 25 కోట్ల డాలర్లకు పత్రికను కొన్న బెజోస్, 2024 అక్టోబరులో, అధ్యక్ష ఎన్నిక ముంగిట, కమలా హ్యారిస్‌కు మద్దతుగా సిద్ధమైన సంపాదకీయాన్ని ఆపేశారు. అయితే ఆపింది యజమానేనని బయటపెట్టింది ఆ పత్రిక విలేకరులే. కాలమిస్టులు అందులోనే నిరసన రాశారు. రెండు లక్షల మందికి పైగా చందా మానుకున్నారు.

మన తెలుగు పత్రికల్లో ఆ నిరసన వినపడదు, ఆ వాక్యమూ కనపడదు.

2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గ్రామ, వార్డు వాలంటీర్లకు పేపరు కొనుక్కోమని నెలకు 200 రూపాయలు మంజూరు చేసింది. ఇది అప్పటి ముఖ్యమంత్రి జగన్ కుటుంబానికి చెందిన సాక్షి సర్క్యులేషన్ పెంచడానికేనని ఈనాడు యాజమాన్యం కోర్టుకెక్కింది. సుప్రీంకోర్టు దాకా వెళ్లిన ఆ వ్యవహారం ఢిల్లీ హైకోర్టుకు మారింది. మేలు పొందిందన్న ఆరోపణ ఒక పత్రిక మీద, దావా వేసింది రెండో పత్రిక. రాష్ట్రంలో ఎక్కువ మంది చదివేదీ ఆ రెండే. ఇక ఆ కేసు సంగతి పాఠకుడు ఎవరి దగ్గర తెలుసుకోవాలి? చిట్‌ఫండ్ కంపెనీ మార్గదర్శి మీద సీఐడీ కేసులప్పుడూ ఇదే జరిగింది. సాక్షిలో అది కుంభకోణం, ఈనాడులో కక్షసాధింపు. మార్గదర్శి, ఈనాడు ఒకే కుటుంబానివి. తెలంగాణలో నమస్తే తెలంగాణ పత్రిక కేసీఆర్ పార్టీ బీఆర్‌ఎస్ పక్షమని చెప్పనక్కర్లేదు.

"ఏ పేపరు ఎవరిదో అందరికీ తెలుసు కదండీ" అంటారు విదేశంలో ఉన్న మన తెలుగు సంఘంలో పెద్దలు. ఊళ్లో పేపరు కొని చదివేవారికి తెలుసు, నిజమే. మనకు వచ్చేది వాట్సాప్‌లో క్లిప్పింగు. పైన పేరుండదు, కింద తేదీ ఉండదు. హెడ్డింగు, రెండు కాలాల మ్యాటరు, అంతే. ఇక్కడ పుట్టి, కష్టపడి తెలుగు నేర్చుకున్న పిల్లలకు దాని వెనక ఏ కుటుంబం ఉందో ఎలా తెలుస్తుంది? యాజమాన్య వివరాలు ఏటా ఒకసారి అచ్చువేయాలన్న నిబంధన ఉంది గానీ, క్లిప్పింగు చదివేవాడికి దానివల్ల ఒరిగేదేమీ లేదు. ఆ వాక్యం వార్తలోనే ఉండాలి.

మహాసభలకు పత్రికాధిపతులను పిలుస్తాం, శాలువా కప్పుతాం. ఈసారి వేదిక మీదే అడుగుదాం: మీ వ్యాపారం గురించో, మీ పార్టీ గురించో వార్త వేసినప్పుడు, ఇది మాదే అన్న ఒక్క వాక్యం దాని కింద వేస్తారా? జవాబు ఏదైనా మన సంఘం పత్రిక అయిన ఇందులో ఉన్నదున్నట్టు అచ్చువేద్దాం.