జర్మనీ ఆదివారం గారూ, మీ విశ్రాంతి మా కాళ్ళ మీదికొచ్చింది

గౌరవనీయులైన జర్మనీ ఆదివారం గారికి,

నమస్కారాలు. మీరు క్షేమమేనా అని అడగను, మీ క్షేమం చూసుకోవడానికి ఏకంగా రాజ్యాంగమే ఉంది. పని మానుకుని ఆత్మోన్నతి సాధించుకోవాల్సిన రోజుగా మిమ్మల్ని చట్టం కాపాడాలని 1919లో వైమార్ రాజ్యాంగం 139వ అధికరణంలో రాసుకున్నారు. ఆ రాజ్యాంగం పోయింది, రాసినవాళ్ళు పోయారు, మధ్యలో హిట్లర్ వచ్చి పోయాడు, 1949లో కొత్తది రాసుకున్నప్పుడు మాత్రం 140వ అధికరణం పెట్టి మరీ మిమ్మల్ని జాగ్రత్తగా ఇటు మోసుకొచ్చారు. మీ జాతకం ఇంకా వెనక్కి తిప్పితే 321లో రోమ్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ ఇచ్చిన ఆజ్ఞ దాకా పోతుంది: పట్నాల్లో పనులన్నీ ఆపండి, రైతులు మాత్రం పొలం పని చేసుకోవచ్చు అని. ఇంత పలుకుబడి ఉన్న వారాన్ని నేనెక్కడా చూడలేదు. మా శనివారానికి సాక్షాత్తూ వెంకటేశ్వరస్వామి అండ ఉన్నా ఒక్క కొట్టు మూయించలేకపోయింది.

రాసేది ఎవరంటారా? చదువు పేరుతోనో ఉద్యోగం పేరుతోనో మీ దేశానికి వచ్చిపడ్డ తెలుగువాళ్ళలో ఒకణ్ణి. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఆఫీసు. శనివారం మీ భయంతోనే గడిచిపోతుంది. మర్నాడు పాలూ పెరుగూ దొరకవని ఊరు ఊరంతా సూపర్ మార్కెట్ మీద పడుతుంది, ఆ క్యూలో మేమూ ఉంటాం, ఇంటికొచ్చాక బట్టలు కూడా అప్పుడే ఉతుక్కోవాలి, ఎందుకంటే మీ రోజున వాషింగ్ మెషీన్ తిప్పితే మా కింది ఇంటావిడ చీటీ రాసి తలుపుకి అంటిస్తుంది. ఇక ఊళ్ళు చూడ్డానికి మిగిలింది మీరే. 2023 మేలో 49 యూరోలకు మొదలై 2026కి 63 యూరోలకు చేరిన నెలవారీ టికెట్ ఒకటి జేబులో ఉంది, దూరాలు పోయే ఎక్స్‌ప్రెస్ రైళ్ళు తప్ప దేశంలో ఏ రైలెక్కినా చెల్లుతుంది, డబ్బు కట్టిన టికెట్ వాడకుండా పడుకుంటే మనవాళ్ళకి నిద్ర పట్టదు కదా. తోడు రమ్మని రూమ్మేట్‌ని అడిగితే, "ఆదివారం పూట అక్కడేముంటది బ్రో, అన్నీ బందే" అని దుప్పటి ముసుగేశాడు. అలా ఒక్కణ్ణే న్యూరెంబర్గ్ బయల్దేరాను.

అక్కడ స్టేషన్ దిగి రోడ్డు దాటితే చాలు, పాత ఊరి కోటగోడ ఎదురవుతుంది. మొదట దాదాపు 5 కిలోమీటర్ల పొడవుండేది, ఇప్పటికీ చాలావరకు నిలబడే ఉంది. గోడ లోపల ఊరంతా నడిచి చూసేయొచ్చు. నడవడానికి నాకేం అభ్యంతరం లేదండీ, నా గొడవల్లా కూర్చోవడం గురించి. మామూలు రోజున కాళ్ళు లాగితే మనిషి ఏ బట్టల షాపులోనో దూరి, కొననవసరం లేని చొక్కా ధర చూసి, కాసేపు నిలబడి, పై అంతస్తులో టాయిలెట్ వాడుకుని బయటపడతాడు. మీ రోజున కోనిగ్‌స్ట్రాసె వీధి పొడుగునా అద్దాల వెనక చొక్కాలు కనిపిస్తాయి, వాటి మీద తగ్గింపు ధర కూడా కనిపిస్తుంది, తలుపు మాత్రం తెరుచుకోదు. కేఫ్‌లు తెరిచే ఉంటాయి, కాదనను. కానీ నలుగురి బల్ల దగ్గర ఒక్కడు కూర్చుంటే వెయిటర్ వచ్చి "ఇంకా ఎవరైనా వస్తున్నారా?" అంటుంది. రావట్లేదు తల్లీ. పోనీ మంచినీళ్ళు అడిగితే సీసా తెచ్చి బిల్లులో కలుపుతుంది. ఆ మెనూలో నీళ్ళ ధరకీ బీరు ధరకీ పెద్ద తేడా లేదు. ఆత్మోన్నతి అన్నప్పుడు రాజ్యాంగం రాసినవాళ్ళ మనసులో ఏముందో అప్పుడు కొంచెం వెలిగింది.

సెయింట్ లోరెంజ్ చర్చిలో ఆరాధన జరుగుతోంది, అది ముగిసేదాకా చూడ్డానికొచ్చినవాళ్ళు బయటే ఆగాలి. న్యాయమే, గుడి గుడే. పెగ్నిట్జ్ ఏరు దాటి హౌప్ట్‌మార్క్ట్‌కి వచ్చాను. మిగతా రోజుల్లో కూరగాయలూ పూలూ అమ్మే చౌకు అది, డిసెంబరులో క్రిస్మస్ బజారుకి జనం ఎగబడేదీ అక్కడికే, మీ రోజున మాత్రం పెళ్ళయిన మర్నాటి పందిరిలా ఉంది. పన్నెండింటికి ఫ్రౌవెన్‌కిర్షె చర్చి ముఖం మీద గడియారం బొమ్మలు కదిలాయి. చక్రవర్తి నాలుగో చార్లెస్ సింహాసనం మీద కూర్చునుంటే, ఆయన చుట్టూ ఏడుగురు ఎలెక్టర్లు, అంటే చక్రవర్తిని ఎన్నుకునే హక్కున్నవాళ్ళు, మూడు ప్రదక్షిణలు చేస్తారు. చక్రవర్తిని ఎవరెవరు ఎన్నుకోవాలో తేల్చిన 1356 నాటి 'గోల్డెన్ బుల్' శాసనానికి గుర్తుగా 1509లో పెట్టిన తంతు ఇది. గమనించారో లేదో, ఈ ఎనిమిది మందికీ ఆదివారం సెలవు లేదు.

ఆ గడియారం చెప్పని సంగతి ఒకటుంది. ఆ చౌకు ఉన్నచోట ఒకప్పుడు యూదుల వాడ ఉండేది, ఆ చర్చి ఉన్నచోట వాళ్ళ ప్రార్థనా మందిరం. 1349లో అదే చార్లెస్ అనుమతితో ఆ వాడను తీసేసి మార్కెట్ వేశారు, ఆ డిసెంబరులో వందల మంది యూదుల్ని చంపేశారు. ఆ అనుమతి ఇచ్చినాయన చుట్టూనే రోజూ మధ్యాహ్నం ప్రదక్షిణలు, కింద మాలాంటివాళ్ళ వీడియోలు. దీని మీద వెటకారం ఆడబుద్ధి కావట్లేదు, ముందుకి పోదాం.

పక్కనే షోనర్ బ్రున్నెన్ అని 19 మీటర్ల ఎత్తు ఫౌంటెన్. 14వ శతాబ్దం చివర కట్టారు, ఇప్పుడు కనిపించేది నకలు, అసలుదాని ముక్కలు మ్యూజియంలో ఉన్నాయి. చుట్టూ ఉన్న ఇనుప కటకటాల్లో ఇత్తడి ఉంగరం ఒకటి వేలాడుతుంది, తిప్పి కోరుకుంటే కోరిక తీరుతుందట. అసలైంది ఇది కాదు, ఇంకోవైపు ఇనుప ఉంగరం ఉంది చూడండి అంటారు ఊరివాళ్ళు, టూరిస్టులు ఎప్పుడూ తప్పు ఉంగరమే తిప్పుతారని వాళ్ళకో సంతోషం. ఒంటరిగా వెళ్ళినవాడికి ఇలాంటిచోట వద్దన్నా ఒక ఉద్యోగం దొరుకుతుంది. ముందున్న జంటకి ఫోటో నేనే తీశాను, వెనకున్న కుటుంబానికీ నేనే తీశాను, తాతగారు కళ్ళు మూశారని మళ్ళీ తీశాను. నా వంతు వచ్చేసరికి ఫోన్ అందుకున్న పెద్దమనిషి ఉంగరాన్నీ, నా మోచేతినీ, తన బొటనవేలినీ చక్కగా తీసిపెట్టాడు.

కోట మీదికి రాళ్ళు పరిచిన ఏటవాలు దారి. పైన 'లోతు బావి' ఒకటుంది, దాదాపు 50 మీటర్లు, రాతిని తొలిచి తవ్వారు, ముట్టడి వస్తే కోటకి నీళ్ళ దిక్కు అదే. గైడు పైనుంచి కాసిని నీళ్ళు వంపింది, అందరం ఊపిరి బిగబట్టి విన్నాం, ఎప్పటికో అడుగున చప్పుడైంది, ఆ తర్వాత కొవ్వొత్తులు కిందికి దింపి లోతు చూపించారు. నిజంగా బాగుంది. కాకపోతే గొంతెండిపోయినవాడి కళ్ళముందు మంచినీళ్ళు నూతిలో పారబోయడం ఏ మర్యాద కిందికొస్తుందో మీరే చెప్పాలి.

నా సీసా అప్పటికే ఖాళీ. దాన్ని కొన్నది స్టేషన్‌లో, ఎందుకంటే మీ ఏలుబడిలో తెరిచి ఉండే సూపర్ మార్కెట్ అక్కడే దొరుకుతుంది. 1956 నాటి కొట్ల మూసివేత చట్టం ప్రయాణికుల అవసరాలకని స్టేషన్లకు మినహాయింపు ఇచ్చింది, అందుకే మీ రోజున ఊళ్ళో అందరూ ప్రయాణికులే. నా ముందు బంగాళాదుంపల మూటతో ఒకావిడ, డైపర్ల కట్టతో ఒకాయన, వంటనూనె సీసాలతో ఒక కుర్రాడు, ఎవరూ ఏ రైలూ ఎక్కేలా లేరు. సరే, ఖాళీ సీసా వెనక్కిస్తే 25 సెంట్లు వస్తాయి, కానీ అది మింగే మెషీన్ సూపర్ మార్కెట్ లోపల ఉంటుంది, సూపర్ మార్కెట్ మీ అదుపులో ఉంటుంది. స్టేషన్‌కి మళ్ళీ నడిచే ఓపిక లేక ఆ సీసాని సంచిలో టకటకలాడించుకుంటూ డ్యూరర్ ఇంటి దాకా తెచ్చాను. చిత్రకారుడు ఆల్బ్రెష్ట్ డ్యూరర్ 1509 నుంచి 1528లో పోయేదాకా బతికిన ఇల్లు. దాని ముందు చౌకులో ఆయన కుందేలు బొమ్మని తలుచుకుంటూ 1984లో పెట్టిన కంచు కుందేలు ఒకటుంది, చూస్తే పిల్లలు జడుసుకుంటారు. అక్కడే చెత్తడబ్బా పక్కన సీసాని నిలబెట్టాను. లోపల వెయ్యకుండా పక్కన పెట్టడం ఇక్కడి పద్ధతి, ఏరుకునేవాళ్ళు డబ్బాలో చెయ్యి పెట్టక్కర్లేకుండా. పది అడుగులు వెయ్యకముందే ఒక పెద్దాయన వచ్చి తీసుకున్నాడు, డెబ్భై దాటి ఉంటాడు, శుభ్రమైన కోటు, భుజానికి పెద్ద సంచి. ఆయన పనిలో ఉన్నాడండీ ఆదివారం గారూ.

మీ గొప్ప కూడా చెప్పుకోవాలి. 1945 జనవరి 2 రాత్రి బాంబుదాడిలో ఈ పాత ఊరు దాదాపు 90 శాతం నేలమట్టమైంది. తర్వాత పాత వీధుల తీరు చెడకుండా మళ్ళీ కట్టుకున్నారు, అంటే ఈ చారిత్రక నగరంలో చాలా ఇళ్ళు మా తాత కంటే చిన్నవి. అది తెలియనివ్వకుండా కాపు కాసేది మీరే. లారీలకి మీ రోజున రాత్రి 10 దాకా బందు, డ్రిల్లింగ్ మెషీన్లు నోరెత్తవు, గాజు సీసాల డబ్బాలో సీసా వేసి చప్పుడు చెయ్యడం కూడా నిషేధం. వైస్‌గెర్బర్‌గాస్సె అనే సందు బాంబుల్ని చాలావరకు తప్పించుకుంది, కర్ర చట్రాల ఇళ్ళు వరసగా ఉంటాయి, అందులో ఒక్కణ్ణే నడుస్తుంటే నా బూట్ల చప్పుడు నాకే వినపడింది. మా ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం పాత పుస్తకాలు ఏరుకునేటప్పుడు పక్కవాడు అరిస్తే తప్ప వినపడదు. రెండూ ఆదివారాలే. ఏది మేలో ఇప్పుడు తేల్చమనకండి.

తెల్ల బురుజు దగ్గర 'పెళ్ళి రంగులరాట్నం' అనే ఫౌంటెన్ ఉంది. 16వ శతాబ్దంలో ఇదే ఊళ్ళో చెప్పులు కుడుతూ పద్యాలు రాసిన హాన్స్ సాక్స్ పద్యాన్ని పట్టుకుని 1984లో కట్టారు. ప్రేమతో మొదలై, పిల్లలు, తిండి, తగాదా, చివరికి ఒకరి గొంతు ఒకరు పట్టుకున్న అస్థిపంజరాల దాకా పెళ్ళి మొత్తం అందులో ఉంది. ఫోటో తీసి అమ్మకి పంపితే బొమ్మలేవీ చూడలేదు, "మరి నువ్వెప్పుడు చేసుకుంటావు" అని వెంటనే ఫోన్. వెనక కుక్కర్ కూత. ఆదివారం కదా, ఇంటికి చుట్టాలొచ్చారు, అమ్మకి పని రెట్టింపు.

ఇంతకీ నన్ను తొలిచేస్తున్న సందేహం మెషీన్ల గురించి. హెస్సె రాష్ట్రంలో మనుషులే లేని కొట్లు కొన్ని పెట్టారు, కార్డు చూపించి లోపలికెళ్ళి, సరుకు తీసుకుని, డబ్బు కట్టి రావడమే. అందులో పనిచేసేవాళ్ళు లేకపోయినా సరే, ఆదివారం మూసుకోవాల్సిందేనని అక్కడి కోర్టు చెప్పింది, చివరికి 2024లో చట్టం మార్చుకుంటే గానీ తెరుచుకోలేదు. న్యూరెంబర్గ్ ఉన్న బవేరియా రాష్ట్రం కూడా 2025లో సొంత చట్టం చేసుకుని అలాంటి చిన్న కొట్లకు దారి ఇచ్చింది. బిస్కెట్ల అరకి విశ్రాంతి ఉండాలా వద్దా అని నల్లకోట్లు వాదించుకున్నారంటే మీ మీద ఈ దేశానికి ఎంత భక్తో తెలుస్తూనే ఉంది.

కొట్లు తెరిపించండని నేను అడగను. పండగ ముందు ఆదివారం మా ఊరి చీరల షోరూముల్లో పొద్దున్నించి రాత్రి దాకా నిలబడే ఆడపిల్లల్ని చూసినవాణ్ణి, వాళ్ళకి మీలాంటి వారం ఒకటి ఉండుంటే బాగుండేది. నాకు కావాల్సింది చిల్లర అడగని టాయిలెట్ ఒకటి, చౌకులో కుళాయి ఒకటి, సీసాలు మింగే మెషీన్ సూపర్ మార్కెట్ గోడకి బయటివైపు. ఇంకొకటి కూడా ఉంది, అది నా గురించి కాదు. సాయంత్రం స్టేషన్ వైపు వస్తుంటే వీపున చదరపు సంచి తగిలించుకున్న సైకిల్ కుర్రాడు సిగ్నల్ దగ్గర ఆగి తెలుగులో మాట్లాడుతున్నాడు. "ఇంకా రెండు ఆర్డర్లున్నయ్ అన్నా, రేపు పొద్దున క్లాసుంది, వండి పెట్టు." ఊరంతా ఇళ్ళల్లో విశ్రాంతి తీసుకుని, తీసుకుని, ఆకలేసి ఫోన్ పట్టుకునేది మీ రోజునే కదా, అలాంటివాళ్ళకి గంటలు ఎక్కువ దొరికేదీ అప్పుడే. ఆ కుర్రాడి ఆత్మోన్నతిని, సీసాలేరే పెద్దాయన ఆత్మోన్నతిని ఏ వారానికి వాయిదా వేశారో 139వ అధికరణంలో నాకు కనపడలేదు. మీరు చూసి చెప్పగలరు.

జవాబు తాపీగా రాయండి, మీ రోజున ఎలాగూ పోస్టు రాదు. నేరుగా మాట్లాడుకుందాం, సోమవారం న్యూరెంబర్గ్ రమ్మని మాత్రం పిలవకండి. సోమవారం చాలా మ్యూజియంలకి సెలవు.

ఇట్లు,
శనివారం క్యూలో మీ విధేయుడు