అడుగులకు అరిసెలు, ఆలస్యానికి అక్షింతలు

తెలుగింట్లో పుట్టిన బిడ్డకు మొదటి ఏడాది ఊపిరి సలపదు. బోర్లా పడితే బొబ్బట్లు, పలుకులకు చిలకలు, అడుగులకు అరిసెలు అంటూ సిలబస్సూ బహుమతులూ పెద్దలే ఖరారు చేసి పెట్టారు. పంపకంలోనే చిన్న తిరకాసు: బోర్లా పడేది పాలు తాగే పసివాడు, బొబ్బట్టు తినేది షుగరున్న పెదనాన్న. "ఇంకా బోర్లా పడలేదా?" అని ఆయన వారం వారం ఫోన్ చేస్తున్నాడంటే అది నెయ్యి ఓడుతున్న ప్రేమ, అపార్థం చేసుకోకండి.

ఇప్పుడీ శాఖ అపార్ట్‌మెంట్ల చేతికొచ్చింది. లిఫ్టులో ఎవరో "మావాడు తొమ్మిదో నెలకే నడిచేశాడండీ" అంటే చాలు, పదకొండో నెలలో హాయిగా పాకుతున్న పిల్లాడి తల్లికి ఎంసెట్ ర్యాంకు పోయినంత టెన్షన్. ప్రపంచ ఆరోగ్య సంస్థేమో అయిదు దేశాల పిల్లల్ని, మన ఢిల్లీ పిల్లలతో సహా, గమనించి 2006లో ఓ లెక్క ఇచ్చింది: పట్టుకోకుండా నడవడం 8 నుంచి 18 నెలల మధ్య ఎప్పుడైనా రావచ్చట, నూటికి నలుగురు మోకాళ్ల మీద పాకకుండానే నడకలోకి వెళ్లిపోయారట. బొత్తిగా బాధ్యత లేని సంస్థ! ఇంత గడువిస్తే పిల్లల్లో పోటీతత్వం ఎలా వస్తుంది? బోర్లా పడటానికి షార్ట్‌టర్మ్ కోచింగ్ పెట్టి, డైపర్ ర్యాంకర్ల ఫొటోలు హోర్డింగులకెక్కిస్తే తప్ప దారికి రారు. నడకకు వాకర్ ఎలాగూ ఉంది. ప్రమాదమని కెనడా 2004లోనే నిషేధించింది గానీ, మనం బారసాలకు రంగు కాగితం చుట్టి మరీ ఇస్తాం.

ఆటలతోనే అన్నీ వస్తాయని ప్రచారం చేసే వర్గం ఒకటుంది. మెలకువగా ఉన్నప్పుడు చాప మీద బోర్లా పడుకోబెట్టి, ఎదురుగా మనమూ బోర్లా పడి కబుర్లు చెబితే మెడ నిలుస్తుందట. కొంగు చాటున దోబూచులాడితే, కనబడనిది ఎక్కడికీ పోలేదని పిల్లకు తెలుస్తుందట. ఇందులో ఫీజేది, యాప్ ఏది? పైగా ఈ పిల్లలకు రుచి తెలీదు. వేలు పోసి కొన్న బొమ్మను పక్కకు నెట్టి, స్టీలు డబ్బా మూతను నేలకేసి కొట్టి, అది గిరగిరా తిరిగి ఆగేదాకా నోరు తెరుచుకుని చూసి, మళ్లీ కొడతారు. చెంచా తీసిస్తే మన ముఖంలోకే చూస్తూ మళ్లీ కింద పడేస్తారు. దాన్ని పరిశోధన అంటారట. మా ఇళ్లలో దాన్ని పొగరు, అచ్చం నానమ్మ పోలిక అంటాం.

ఇంత తొందరపడే జనం, ఏడాది దాటినా పిలిస్తే తల తిప్పని పిల్లాడి దగ్గరకొచ్చేసరికి ఎక్కడలేని ఓర్పు చూపిస్తారు. "వాళ్ల నాన్నకూ మూడేళ్లకే మాటలొచ్చాయి, డాక్టరెందుకు?" అంటారు. వినికిడి పరీక్ష చేయిద్దామని తల్లి నోరు తెరిస్తే, బంగారంలాంటి బిడ్డకు లోపం అంటగడుతోందని అక్షింతలు ఆవిడకే.