నికోడెమస్‌ను చూసి రండి

కాన్సస్ సిటీ చుట్టుపక్కల మన తెలుగు కుటుంబాలు చాలానే స్థిరపడ్డాయి. వేసవి సెలవులొస్తే ఎక్కువమంది చూపు నయాగరా మీదో, గ్రాండ్ కాన్యన్ మీదో ఉంటుంది. అదే కాన్సస్ రాష్ట్రం వాయవ్యాన, గ్రాహం కౌంటీ గడ్డి మైదానాల్లో, బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లజాతివారు కట్టుకున్న నికోడెమస్ అనే పల్లె ఉంది. ఈసారి పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లమని పాఠకులను కోరుతున్నాం.

అమెరికాలో బానిసత్వం రద్దయిన పన్నెండేళ్లకు, 1877లో, దక్షిణాది రాష్ట్రాల్లో నల్లజాతివారికి అండగా ఉన్న కేంద్ర సేనలు తప్పుకున్నాయి. పాత భయాలు మళ్లీ మొదలయ్యాయి. ఆ ఏడాదే డబ్ల్యూ.హెచ్. స్మిత్ అనే నల్లజాతి మతబోధకుడు, డబ్ల్యూ.ఆర్. హిల్ అనే తెల్లజాతి భూవ్యాపారి కలిసి ఇక్కడ ఊరికి స్థలం చూశారు. సొంత భూమి, సొంత ఊరు అన్న మాట విని దక్షిణాదిలోని కెంటకీ నుంచి నల్లజాతి జనం కదిలారు. ఒక్క సెప్టెంబరులోనే మూడు వందల మందికి పైగా వచ్చారు. తీరా చూస్తే ఇళ్లు లేవు, ఇళ్లు కట్టుకుందామంటే కలప లేదు.

మరుసటి వసంతంలో వచ్చిన విలియానా హిక్మన్ ఆ రోజును తర్వాత గుర్తుచేసుకున్నారు. ‘అదిగో నికోడెమస్’ అని తోటివాళ్లు కేకలు పెట్టారట. ఎంత చూసినా ఆమెకు ఊరు కనపడలేదు. ఎక్కడని అడిగితే భర్త నేలలోంచి లేస్తున్న పొగలు చూపించారు. జనం నేలను తవ్వుకుని ఆ గోతుల్లోనే కాపురాలు చేస్తున్నారు. అది చూసి ఆమె ఏడ్చేశారు. కొన్ని కుటుంబాలు అప్పటికే తిరుగుముఖం పట్టాయి. మొదటి చలికాలంలో, వేట నుంచి తిరిగొస్తున్న ఒసేజ్ అనే ఆదివాసీ తెగవారు తిండి పంచడం వల్లే బతికి బట్టకట్టామని ఊరి పెద్దలు తరతరాలుగా చెబుతూ వచ్చారు.

పారలతో నేల తవ్వినవాళ్లే పదేళ్లలో హోటలు, దుకాణాలు, బడి, చర్చిలు నిలబెట్టారు. ఊళ్లో రెండు పత్రికలు నడిచాయి. ఇక్కడివాడైన ఎడ్వర్డ్ మెకేబ్ 1882లో రాష్ట్ర ఖజానా లెక్కలు చూసే ఆడిటర్‌గా ఎన్నికల్లో గెలిచాడు. ఆ తర్వాత రైలు దెబ్బకొట్టింది. పట్టాలు తమ ఊరి మీదుగా రావాలని జనం 16,000 డాలర్ల బాండ్లకు, అంటే ప్రజల పేరిట అప్పుకు, ఓటేశారు. 1888లో రైలు నది అవతలగా పోయింది. వ్యాపారులు దుకాణాలు ఎత్తుకుని అటు పక్క పుట్టిన బోగ్ అనే ఊరికి తరలిపోయారు. మిగిలిన బలాన్ని 1930ల ధూళి తుపాన్లు, కరువు హరించాయి. 1953లో పోస్టాఫీసూ మూతపడింది.

అయినా ఊరి పేరు చెరిగిపోలేదంటే కారణం వలసపోయిన బిడ్డలే. ఏటా జులై చివరి వారాంతంలో దేశం నలుమూలల నుంచి వారసులంతా ఇక్కడ కలుస్తారు. వాళ్ల పట్టుదల వల్లే 1996లో ఇది జాతీయ చారిత్రక స్థలం అయింది. వచ్చిపోయేవాళ్లు తక్కువని ఇలాంటి చోట సిబ్బందికి, మరమ్మతులకు కోత పెట్టడం తగదని మా అభిప్రాయం. రెండు చర్చిలు, బడి, హోటలు, టౌన్‌షిప్ హాలు... నిలిచిన చారిత్రక కట్టడాలు ఈ ఐదే. వీటిలో ఒక్క గోడ కూలినా తిరిగి తేలేం.

కాన్సస్ సిటీ నుంచి దాదాపు ఐదు గంటల డ్రైవ్. ఊరు 24వ నంబరు హైవే పక్కనే ఉంటుంది. 1939లో స్థానిక సున్నపురాయితో కట్టిన టౌన్‌షిప్ హాలుతో మొదలుపెట్టండి. జులై చివర్లో వెళ్తే వారసులే ఎదురుపడతారు, వాళ్లనే అడగండి.