పిల్లల తిండికీ ఆటకీ బడి బాధ్యత లేదా?

"పిల్లలు చిరుతిళ్లకు మరిగినా, ఒళ్లు కదపకపోయినా తప్పు తల్లిదండ్రులదే. బడి పని చదువు చెప్పడం, అంతే." ఈ సందేశం కొంతకాలంగా వాట్సాప్‌లో విపరీతంగా తిరుగుతోంది. పంచుతున్నవారిలో ఉపాధ్యాయులు కూడా ఉండటం నాకు బాధగా ఉంది. అందులోని ఒక్కో వాదనకు సమాధానం చెప్పాలి.

మొదటిది, తిండి అలవాట్లు ఇంట్లోనే ఏర్పడతాయన్నది. ఇంట్లో మొదలవుతాయి, నిజమే. కానీ ఉదయం ఎనిమిదింటికి బస్సెక్కి సాయంత్రం ఐదింటికి దిగే పిల్లలు ఆ మధ్యలో ఏం తినాలో, ఎంతసేపట్లో తినాలో నిర్ణయించేది బడే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో వారానికి ఐదు గుడ్లు పెడుతున్నారు. 2023లో రాగిజావ కూడా చేరింది. బడిలో పెడితే ఇంట్లో తగ్గించేస్తారని కొందరి అనుమానం. ఆర్థికవేత్త ఫర్జానా అఫ్రిది మధ్యప్రదేశ్‌లో సరిగ్గా ఇదే పరిశీలించారు. 2010లో వెలువడిన ఆ అధ్యయనం ప్రకారం బడి భోజనం వల్ల పిల్లలకు రోజు మొత్తంలో అందే పోషకాలు గణనీయంగా పెరిగాయి.

క్యాంటీన్‌లో ఏం అమ్మాలన్నది యాజమాన్యం ఇష్టమట. కాదు. కొవ్వు, ఉప్పు, చక్కెర మోతాదు మించిన పదార్థాలను బడి ఆవరణలో గానీ, గేటు నుంచి 50 మీటర్ల లోపు గానీ అమ్మకూడదని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ 2020లోనే నిబంధనలు తెచ్చింది.

"నీళ్లు తాగమన్నా పిల్లలే తాగరు" అన్న మాట మాత్రం నాకు కోపం తెప్పించింది. 2019లో కేరళ బడుల్లో నీళ్ల గంట, అంటే నీళ్లు తాగమని పిల్లలకు గుర్తుచేసే గంట మొదలైంది, తెలుగు రాష్ట్రాలూ దాన్ని అనుసరించాయి. మంచి పనే. కానీ మరుగుదొడ్డికి గడియ లేకపోతే, అందులో నీళ్లు రాకపోతే గంట ఎన్నిసార్లు కొట్టినా ఆడపిల్లలు నీళ్లు తాగరు. సాయంత్రం దాకా బిగబట్టుకోవాల్సి వస్తుందని వాళ్లకు తెలుసు. మూత్రనాళ ఇన్ఫెక్షన్లు వచ్చేది ఇలాగే. దీన్ని పిల్లల మొండితనం అనడం అన్యాయం.

ఇక ఆటల పీరియడ్ తగ్గిస్తే మార్కులు పెరుగుతాయన్న వాదన. ఎక్కువ నష్టం చేస్తున్నది ఇదే. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు శరీరం బాగా కదిలేలా గడపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బడికి ఆటస్థలం ఉండాలని 2009 విద్యాహక్కు చట్టమే అంటోంది. అయినా అపార్ట్‌మెంటు లాంటి భవనాల్లో బడులు నడుస్తున్నాయి. పరీక్షలు దగ్గరపడగానే డ్రిల్ పీరియడ్ లెక్కల మాస్టారి చేతికి వెళ్తుంది. పదో తరగతి వాళ్లకైతే ఏడాదంతా స్టడీ అవర్సే. మైదానం ఉన్నచోట కూడా ఎనిమిదో తరగతి దాటాక అది మగపిల్లల క్రికెట్‌కే సరిపోతుంది, ఆడపిల్లలు చెట్టు కింద కూర్చుంటారు. హోంవర్కు చేయలేదని గ్రౌండు చుట్టూ పరుగెత్తించడం, గుంజీలు తీయించడం మరో దారుణం. పరుగును శిక్షగా నేర్చుకున్న పిల్లలు దాన్ని ఇష్టంగా ఎలా మొదలుపెడతారు? పోనీ, మార్కులైనా పెరుగుతాయా? అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2010లో 50 అధ్యయనాలను కలిపి చూసింది. బడిలో వ్యాయామానికీ చదువుకూ మధ్య కనిపించిన సంబంధాల్లో దాదాపు సగం చదువుకు మేలు చేసేవే. మిగిలినవాటిలో అత్యధికం ఎటూ తేడా చూపనివి. చెరుపు కనిపించింది అతి కొద్దింటిలోనే.

బడుల్లో ఏం చేసినా పిల్లల బరువు తగ్గలేదని పరిశోధనలే చెబుతున్నాయన్నది చివరి వాదన. అందులో నిజం ఉంది. ఇంగ్లండ్‌లోని పశ్చిమ మిడ్‌లాండ్స్ ప్రాంతంలో ఆరేడేళ్ల పిల్లలకు ఏడాదిపాటు అదనపు వ్యాయామం, వంట శిక్షణ ఇచ్చి చూశారు. 2018లో వచ్చిన ఫలితాల్లో బరువులో చెప్పుకోదగ్గ తేడా లేదు. అంటే బడి ఒక్కటే చాలదని అర్థం. బడి చేతులు దులుపుకోవచ్చని ఆ పరిశోధన ఎక్కడా అనలేదు. పైగా బరువొక్కటే కొలమానమూ కాదు. చిన్నప్పుడు మధ్యాహ్న భోజన పథకం అందిన బాలికలు తర్వాత తల్లులయ్యాక, వాళ్ల పిల్లల్లో వయసుకు తగ్గ ఎదుగుదల మెరుగ్గా ఉందని 2021లో మన దేశ గణాంకాల ఆధారంగానే తేలింది.