ఆ 50 ఎంఎం కెమెరా లెన్స్ కొనేముందు ఒక్క మాట
కెమెరా కొనడం గురించిన మీ వ్యాసంలో, బాడీ (లెన్స్ లేని కెమెరా) సెకండ్ హ్యాండ్‌లో తీసుకుని మిగిలిన డబ్బు లెన్స్ మీద పెట్టమన్నారు, అది నూటికి నూరుపాళ్లు కరెక్ట్. కానీ నికాన్ డీ3000, డీ5000 సిరీస్ బాడీల్లో ఫోకస్ మోటార్ (లెన్సుని తిప్పి దానంతటదే ఫోకస్ చేసేది) ఉండదన్న సంగతి అందులో రాయలేదు. చవగ్గా వస్తోంది కదా అని పాత 50 ఎంఎం 1.8డీ లెన్స్ కొంటే, దానిలోనూ మోటార్ ఉండదు కాబట్టి ప్రతి ఫొటోకీ రింగు చేత్తో తిప్పుకోవాల్సిందే, ఇక పరిగెత్తే పిల్లల్ని తీయాలంటే అంతే సంగతులు. లెన్స్ పేరులో ఏఎఫ్-ఎస్ (లోపల మోటార్ ఉందని గుర్తు) ఉందో లేదో చూసుకోండి. కెనాన్ ఈఎఫ్ ఆటోఫోకస్ లెన్సుల్లో మోటార్ లోపలే ఉంటుంది, ఈ గొడవ లేదు. ఇంకోటి, నికాన్ చిన్న సెన్సార్ మీద 50 ఎంఎం దాదాపు 75 ఎంఎంలా, అంటే ఇంకా దగ్గరగా కనిపిస్తుంది, మన హాల్లో నలుగుర్నీ ఫ్రేములో పట్టాలంటే వీపు గోడకి ఆనుతుంది! ఇంట్లో తీసేవాళ్లకి 35 ఎంఎం 1.8జీ డీఎక్స్ (నికాన్ చిన్న సెన్సార్‌కి చేసిన లెన్స్) మేలు. పాత బాడీకి షటర్ కౌంట్ (ఇప్పటిదాకా ఎన్ని ఫొటోలు తీసిందో ఆ లెక్క) అడగండి, అమ్మేవాడు నసిగితే వదిలేయండి.