ప్రతి చిల్లుకూ పంచనామా జరగాలి

రెండో ప్రపంచ యుద్ధంలో ట్యాంకులు పడిన బాధల మీద పుస్తకాలు వచ్చాయి. 1945 తర్వాత అవే ట్యాంకులు 1/35 సైజు ప్లాస్టిక్ మోడళ్లుగా, టేబుల్ ల్యాంపు వెలుగులో పడుతున్న బాధలను మాత్రం ఎవరూ పట్టించుకోవడం లేదు. అసలు యుద్ధంలో శత్రువుకో దిక్కుండేది, అతని గన్నుకో కొలత ఉండేది, గుండు తగలడానికో కారణం ఉండేది. మోడలర్‌కు ఇవేవీ అక్కర్లేదు. చేతిలో డ్రిల్లుంది, రేపు సెలవు. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, ఎవరి మీదో కోపం జర్మన్ టైగర్ ట్యాంకు పక్క పలక మీద పడుతోంది.

కనుక ఈ వ్యాసం ద్వారా ఒక ప్రతిపాదన చేస్తున్నాం. ఇకపై మోడల్ ట్యాంకుకు చిల్లు పెట్టదలచినవారు ముందు నాలుగు ప్రశ్నలకు కాగితం మీద జవాబు రాయాలి. కొట్టిన గన్ను ఏది? ఏ వైపు నుంచి? ఏ పలక మీద? కొట్టి ఎన్నాళ్లయింది? జవాబు లేని చిల్లును అదే రోజు పుట్టీతో పూడ్చి, 600 నంబరు గరుకు కాగితంతో సాపు చేయాలి. అప్పీలు లేదు.

మొదటి ప్రశ్న పూర్తిగా లెక్కల వ్యవహారం. అసలు కొలతను 35తో భాగిస్తే చాలు. 57 మి.మీ. గుండుకు 1.6 మి.మీ. చిల్లు, 75కు 2.1, 88కి 2.5, సోవియట్ 122కి 3.5. ఇంత తేలిక లెక్క ఉండగా, 0.8 మి.మీ. బిట్టుతో పొడిచి కింద ‘88 దెబ్బ’ అని పేరుపలక పెట్టేవారున్నారు. ఆ చిల్లు అసలు ట్యాంకు మీద 28 మి.మీ. ఉంటుంది. తా దూర కంత లేదు, మెడకో డోలు. ఇంకో వర్గం 5 మి.మీ. చిల్లుతో తృప్తిపడుతుంది. అంటే 175 మి.మీ. అన్నమాట. యుద్ధనౌక మీది ఫిరంగిని బురదపొలంలోకి ఎవరు ఈడ్చుకొచ్చారో వారే చెప్పాలి. ‘లోపల టంగ్‌స్టన్ కోర్ ఉన్న గుండండీ, అందుకే చిల్లు చిన్నది’ అని తప్పించుకునే మేధావులూ ఉన్నారు. వాదన చెల్లుతుంది. కానీ ఆ మాట డ్రిల్లు పట్టకముందు చెప్పాలి, అడిగిన తర్వాత కాదు.

ఇక మెషిన్ గన్ ప్రియుల సంగతి. వీరి ట్యాంకులకు ఒళ్లంతా సన్నటి గుంటలు. ముందు పలక మీద, టరెట్ (గన్నుతో పాటు తిరిగే పైభాగం) మీద, ఆఖరికి గన్ మాంట్లెట్ (బారెల్ మొదట్లో ఉండే కవచం) మీద కూడా. జర్మన్ రైఫిల్ గుండు 7.92 మి.మీ., మన సైజులో 0.23. అది మందపాటి కవచానికి తగిలితే లోపలికి దిగదు. పెయింటు రాలుతుంది, సీసం పరుచుకుని బూడిదరంగు మరక మిగులుతుంది, అంతే. అక్కడ డ్రిల్లుకు పనే లేదు. సన్నటి బ్రష్షుతో ముదురు బూడిదరంగు చుక్క పెట్టి, దాని నడుమ 2బి పెన్సిల్ మొన ఆనిస్తే సరిపోతుంది. గుండ్లు దూసుకుపోవాల్సినవి ఫెండర్లు, సామాను పెట్టెలు, బకెట్టు, జెర్రీ క్యాన్లు, హెడ్‌లైటు, సైలెన్సర్ మీది రేకు. 0.3 మి.మీ. బిట్టు వాటి కోసమే తయారైంది. గుండు దూరిన వైపు అంచు లోపలికి ఒరగాలి, బయటికొచ్చిన వైపు రేకులుగా విచ్చుకోవాలి. రెండు వైపులా లోపలికే ఒరిగితే ఇద్దరు సైనికులు ఎదురెదురుగా నిలబడి ఒకే బకెట్టును కాల్చారని రాసుకోవాల్సి వస్తుంది.

1943 ఆరంభంలో తూర్పు రణరంగంలో ఒక టైగర్ మీద ట్యాంక్ వ్యతిరేక రైఫిల్ దెబ్బలే 227 లెక్కపెట్టినట్టు దాని సిబ్బంది నివేదిక చెబుతుంది. అంత తిన్నా ఆ బండి తన కాళ్ల మీద తానే వెనక్కి వచ్చింది. ఆ రైఫిల్ గుండు 14.5 మి.మీ., అంటే 1/35లో 0.4 మి.మీ. కొలత గల లోతు లేని గుంట. ఆ టైగర్‌నే చేయదలచినవారు 227 గుంటలు పెట్టవచ్చు, అభ్యంతరం లేదు. మిగతావారు ఏ హక్కుతో పెడుతున్నారన్నదే ప్రశ్న.

నిజంగా కవచం చీల్చుకుపోయిన చిల్లు చేయడానికి ఓపిక కావాలి. ముందు పలక లోపలివైపు, చిల్లు పడే చోట, 1 నుంచి 1.5 మి.మీ. మందం గల ప్లాస్టిక్ షీటు ముక్క అతికించి ఒక రాత్రి ఆరనివ్వాలి. టైగర్ ముందు కవచం 100 మి.మీ., అంటే 1/35లో దాదాపు 2.9. కిట్ గోడ అందులో సగం కూడా ఉండదు. ఈ ముక్క లేకుండా చిల్లు పెడితే ట్యాంకు రేకు డబ్బాలా కనిపిస్తుంది. తర్వాత సూదిమొనతో నడుమ గుర్తు పెట్టి, చేతి డ్రిల్లుతో ముందు 0.5, తర్వాత 1.2, చివర 2 మి.మీ. బిట్టు తిప్పాలి. మోటారు డ్రిల్లు వద్దు. ఆ వేగానికి పాలీస్టైరీన్ కరిగి బిట్టుకు చుట్టుకుంటుంది, చిల్లు గుండ్రంగా రాదు.

ఇప్పుడు అంచు. మెత్తటి రోల్డ్ కవచంలోకి గుండు దిగినప్పుడు లోహం పక్కకు తోసుకొచ్చి చుట్టూ గట్టులా లేస్తుంది. ఎపాక్సీ పుట్టీని అర మిల్లీమీటరు దారంలా చేసి, చిల్లు చుట్టూ చుట్టి, తడిపిన బ్లేడుతో బయటి అంచును పలకలోకి కలిపేయాలి. గట్టు ఎత్తు 0.3 దాటితే అనుమానించాలి. కాల్చిన సూదితో పొడవడం అడ్డదారి. గట్టు దానంతటదే లేస్తుంది, కానీ దాదాపు మిల్లీమీటరు లేస్తుంది. 35 మి.మీ. ఎత్తు ఉక్కు గట్టును ఏ మ్యూజియంలో చూశారో చెప్పమనండి. సూదితో పొడిచినవారు ఆ గట్టును సగానికి పైగా బ్లేడుతో కోసేయాలి, పొడిచేటప్పుడు కిటికీ తెరిచి ఉంచాలి, ఎందుకంటే ఆ పొగ ఊపిరితిత్తులకు స్కేలు చూడదు. సోవియట్ టీ-34 ట్యాంకు లాంటి బాగా గట్టి ఉక్కు కవచానికి ఈ నున్నటి గట్టు నప్పదు. అక్కడ అంచు పెళుసుగా పెచ్చులూడాలి. బ్లేడు మొనతో చిన్న చిన్న చెక్కులు లేపితే చాలు. బజూకా, పాంజర్‌ఫౌస్ట్ లాంటి, సైనికుడు చేత్తో మోసి కాల్చే ట్యాంక్ వ్యతిరేక ఆయుధాల దెబ్బకైతే చిల్లు మిల్లీమీటరు లోపే ఉండాలి, చుట్టూ మసి, చిమ్మినట్టు సన్నటి గీతలు.

ఇంత శ్రమా పడ్డాక చిల్లులోంచి లోపలికి చూస్తే ఏం కనిపిస్తోంది? ఎదుటి గోడ మీద అచ్చులో పడిన ఎజెక్టర్ పిన్ గుర్తు, గుండ్రంగా, పౌర్ణమి చంద్రుడిలా. ఆ పక్కన ఇరుసు రంధ్రంలోంచి వెలుగు. ఆ చిల్లు వెనకాల నల్ల కాగితంతో చిన్న పెట్టె కట్టి, మ్యాట్ నలుపు కొట్టాలని ఏ కిట్ సూచనల్లోనూ ఉండదు.

రెండో ప్రశ్న దిక్కు. ఏటవాలు పలక మీద గుండు జారిపోతే గీరుకుపోయిన గాడి మిగులుతుంది. 2 మి.మీ. గుండ్రటి ఆకురాయిని పలకకు దాదాపు సమాంతరంగా ఆనించి, 5 నుంచి 8 మి.మీ. పొడవున, అర మిల్లీమీటరు లోతు దాటకుండా తోయాలి. గాడి ఎటు వాలితే గన్ను ఆ గీత మీదే ఎక్కడో ఉండాలి. అయిదు గాడులు అయిదు దిక్కులకు పోతే ఆ ట్యాంకు చుట్టూ శత్రు ఫిరంగులు వలయంగా నిలబడి, ఒకరి గుండు ఒకరికి తగలకుండా వంతులు వేసుకున్నాయని అర్థం. పెన్సిలును గాడిలో పెట్టి దాని తోక ఎటు చూపుతోందో గమనించడం అర నిమిషం పని. ఆ అర నిమిషం ఎవరికీ దొరకడం లేదు.

1943 ఏప్రిల్‌లో ట్యునీషియాలో బ్రిటిష్ వారికి చిక్కిన టైగర్ 131 ఇప్పుడు బోవింగ్‌టన్ ట్యాంక్ మ్యూజియంలో నడుస్తూనే ఉంది. ఆరు పౌండర్ గుండు, అంటే 57 మి.మీ., గన్ బారెల్ అడుగున తగిలి జారి టరెట్ రింగు దగ్గర ఇరుక్కుంది. టరెట్ తిరగడం మానేసింది, సిబ్బంది దిగి వెళ్లిపోయారు. మంటల్లేవు, నోరు తెరిచిన చిల్లుల్లేవు. యాభై ఏడు టన్నుల బండిని పోగొట్టిన నష్టం మోడల్ మీద అరచేతిలో పెట్టుకుని వెతికితే గానీ కనిపించదు. ఆ పులిని చూసి ఎన్ని నక్కలు వాతలు పెట్టుకున్నాయో, అదీ కాల్చిన సూదితోనే, పోటీలకు వెళ్లినవారికి తెలుసు.

మూడో ప్రశ్న పలక ఏదన్నది. దీన్ని తేల్చడం సులువు. కవచం వంగదు, రేకు వంగుతుంది. జర్మన్ పాంజర్ 4 ట్యాంకు పక్కన వేలాడే షుర్ట్‌సెన్ అనే అదనపు రక్షణ పలకలు 5 మి.మీ., మన సైజులో 0.14. ఫెండరు రేకు అంతకన్నా పలుచన. కిట్టులో అవి మిల్లీమీటరు దగ్గర ఉంటాయి. అంత మందాన్ని శ్రావణంతో వంచితే ముందు తెల్లబడుతుంది, తర్వాత ఠప్పుమంటుంది. అంచుల వెనక గీకి పలుచన చేయాలి, లేదా 0.1 మి.మీ. ఇత్తడి రేకుతో కొత్తది కోసుకోవాలి. ఇత్తడిని లైటరు మంట మీద ఎర్రబడేదాకా కాల్చి చల్లారనిస్తే వేలితోనే ముడతలు పడుతుంది. ఇన్ని మార్గాలుండగా కొందరు దీపం మీద పెట్టి టైగర్ పక్క కవచాన్నే వంకర తిప్పుతున్నారు. 80 మి.మీ. ఉక్కు వంకర తిరిగేంత వేడికి అందులో కమాండర్ బొమ్మ ఒక్కటే క్షేమంగా ఉండటం, చేతిలో దుర్భిణి, ముఖంలో చిరునవ్వు, మోడలింగ్ లోకం ఇంతవరకూ పరిశీలించని అద్భుతం. గుండు పలకను చీల్చి లోపలికి దూసుకుపోయిన బండికి హ్యాచ్‌లు (సిబ్బంది ఎక్కిదిగే మూతలు) తెరిచి ఉండాలి, మనుషులు బయట ఉండాలి. లేకపోతే చిల్లు ఉండకూడదు.

కాలిపోయిన ట్యాంకు ఇంకో శాఖ. నిజంగా కాలితే చక్రాల రబ్బరు పోతుంది, ఇనుప అంచు, కింద తెల్లటి బూడిద మిగులుతాయి. జర్మన్ పాంథర్ లాంటి టార్షన్ బార్ (స్ప్రింగుల్లా మెలితిరిగే ఉక్కు కడ్డీలు) బండిలో వేడికి బార్లు పదును పోగొట్టుకుని వెనకభాగం కూలబడుతుంది. స్వింగ్ ఆర్మ్‌లను (చక్రాలను పట్టుకునే చేతులను) కదలకుండా నిలిపే మొటిమలు కోసి, వెనక చక్రాలను 2, 3 మి.మీ. పైకి అతికిస్తే ఆ కూలబడటం వస్తుంది. రబ్బరు నిగనిగలాడుతూ, ఒళ్లంతా మసితో నిటారుగా నిలబడ్డ పాంథర్ కాలిపోయింది కాదు, పొగ పెట్టుకుంది.

నాలుగోది కాలం. ఇక్కడ తుప్పు మతం రాజ్యమేలుతోంది. దెబ్బ తిన్న ఉక్కు మొదటి రోజు మెరిసే నీలిబూడిద రంగు, తడి తగిలితే త్వరలోనే నారింజ, వారాలు గడిస్తే ముదురు గోధుమ. మూడూ ఒకే చిల్లు మీద పూసేవారు గుండు ఏ తేదీన తగిలిందో తేల్చుకోలేకపోయారని భావించాలి. అమెరికన్ కవచ వాహనం ఎమ్113 కవచం అల్యూమినియం. దానికీ ఎర్రటి తుప్పు పట్టించిన ఘనులున్నారు.

పెయింటు పెచ్చులకు హెయిర్ స్ప్రే పద్ధతి మంచిదే, పద్ధతిగా చేస్తే. తుప్పు రంగు వేసి ఒక రోజు ఆరనివ్వాలి. 20 సెం.మీ. దూరం నుంచి రెండు పలుచటి పూతలు స్ప్రే కొట్టి, పావుగంట ఆగి, పైన అక్రిలిక్ రంగు పలుచగా. గంటలోపు గోరువెచ్చటి నీరు అద్ది, అర నిమిషం ఆగి, గట్టి బ్రష్షుతో రుద్దాలి. పై రంగు దట్టంగా పడితే తొక్కలా ఊడొస్తుంది. అందులో లాకర్ థిన్నర్ కలిపితే అసలు ఊడదు, ఎందుకంటే అది స్ప్రే పొరను దాటి కింది రంగునే పట్టుకుంటుంది. టామియా కంపెనీ అక్రిలిక్ ఈ పనికి లొంగుతుంది, వాలెహో కంపెనీ రకం పొరలా లేస్తుంది. ఏ రంగైనా 1 మి.మీ. పెచ్చు అంటే అసలు మీద 35 మి.మీ. అని మరచిపోకూడదు. ఆపాల్సిన చోటుకు అయిదు నిమిషాల ముందే ఆపాలి. ఎవరూ ఆపరు. డ్రిల్లు పెట్టిన చోటికి వాష్ (వైట్ స్పిరిట్‌లో కలిపిన పలుచటి రంగు) వేసే ముందు ప్రైమర్ కొట్టడం మాత్రం మానకూడదు. బయటపడ్డ ప్లాస్టిక్‌లోకి వైట్ స్పిరిట్ దిగితే వారం తర్వాత పలక తనంతట తానే పగులుతుంది.

చివరగా విరిగిన గన్ బారెళ్లు. సిబ్బంది బండిని వదిలేసే ముందు గన్నును పేల్చేస్తే మూతి రేకులుగా విచ్చుకుంటుంది. దానికి బారెల్ కొనను లోపల గోడ 0.3 మి.మీ. మిగిలేదాకా తొలిచి, 6, 8 మి.మీ. పొడవున అయిదారు చీలికలు ఎగుడుదిగుడుగా కోసి, పలుచటి సిమెంటు తగిలించి మెత్తబడ్డాక చిమటాతో వంచాలి. మధ్యలో అడ్డంగా విరిగి, విరిగిన చోట ప్లాస్టిక్ తెల్లబడి, రెండు సగాల అతుకు గీత కూడా కనిపిస్తున్న బారెల్‌ను ‘యుద్ధ నష్టం’ అని పోటీలో పెట్టినవారికి మాత్రం పంచనామా అక్కర్లేదు. నిందితుడు అల్మరా తలుపు. 0.8 మి.మీ. ఇత్తడి తీగను లోపల పిన్నుగా దించి అతికించి, ఒక రాత్రి ఆరనిచ్చి, అతుకును 1000 నంబరు కాగితంతో రుద్దాలి.