మాత్ర వేశాం సరే, ఊపిరితిత్తుల్లో ఉన్న లార్వా సంగతేంటి?

ఫిబ్రవరి 10, ఆగస్టు 10 వచ్చాయంటే వైజాగ్ స్కూళ్లలో, అంగన్‌వాడీల్లో పిల్లల చేత నులిపురుగులు పోవడానికి ఆల్బెండజోల్ మాత్ర నమిలిస్తారు, 400 మిల్లీగ్రాములది, రెండేళ్లలోపు వాళ్లకైతే సగమే, అదీ నూరి నీళ్లలో కలిపి. 2015లో మొదలై దేశమంతా నడుస్తున్న ఈ కార్యక్రమం ఆగకూడదు, అందులో మాకు రెండో మాట లేదు. కానీ ఆ మాత్ర గట్టిగా పనిచేసేది పేగులో ఉన్న పెద్ద పురుగు మీద. పేగు దాటిపోయిన లార్వా, అంటే పిల్ల పురుగు మీద ఏ మందు ఎంత పనిచేస్తుందో తేల్చే పరిశోధనకి కూడా అంతే పట్టుదల కావాలని మా వాదన.

ఏలికపాము గుడ్డు మట్టిచేతుల్తోనో కడగని ఆకుకూరతోనో కడుపులోకి పోతుంది, లోపల లార్వా బయటికొచ్చి పేగు గోడ తొలుచుకుని రక్తంలో పడి లివర్‌కి, అక్కణ్ణుంచి ఊపిరితిత్తులకి వెళ్లి, గొంతు దాకా పాకి, మళ్లీ మింగుడుపడి పేగుకి చేరాకే పెద్దదవుతుంది. 1922లో కొయినో అనే జపాన్ డాక్టరు ఏకంగా 2000 గుడ్లు తనే మింగేసి తన కఫంలో లార్వాల్ని చూశాడు. ఇప్పుడు అలా ఎవర్నీ అడగలేం, అడగకూడదు కూడా.

అందుకే ఎలుకలు. గుడ్లు తాగించి, కొన్నిటికి మందిచ్చి కొన్నిటికి ఇవ్వకుండా ఉంచి, తర్వాత లివర్, ఊపిరితిత్తులు, మెదడు విడివిడిగా తీసి సన్నగా తరిగి పెప్సిన్ (కడుపులో తిండిని అరిగించే ఎంజైమ్), యాసిడ్ కలిపిన ద్రావణంలో కరగబెట్టి, మిగిలిన లార్వాల్ని మైక్రోస్కోప్ కింద ఒక్కొక్కటీ లెక్కపెడతారు. చాలా ఓపికతో చేసే పని ఇది. కుక్కల ఏలికపాము టాక్సోకారాకైతే మెదడు లెక్క తప్పనిసరి, ఎందుకంటే ఎలుకల్లో దాని లార్వాలు ఎక్కువగా అక్కడే దాక్కుంటాయి, చాలా మందులు అక్కడికి సరిగ్గా చేరవు, లివర్లో తగ్గాయని చూసి మందు గెలిచిందనేస్తే పొరపాటే. మనిషిలోనూ ఇది పెద్ద పురుగు కాదు, లార్వాగానే తిరుగుతుంది, కంట్లోకి చేరితే పిల్లల చూపే పోవచ్చు.

మూగజీవాల్ని ఇలా వాడటం తప్పనేవాళ్ల బాధని మేం తేలిగ్గా తీసుకోం. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ఉంది, ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాల్సిందే, జవాబు రావడానికి కావలసినన్ని ఎలుకలే వాడాలి, నొప్పి తెలియకుండా చూడాలి. ఇంకోటి, మందు ఫెయిలైనా ఆ ఫలితం బయటపెట్టాలి, లేకపోతే అదే ప్రయోగం ఇంకెక్కడో మళ్లీ చేస్తారు, ఇంకొన్ని ప్రాణాలు ఊరికే పోతాయి.

ఆంధ్రా మెడికల్ కాలేజీ, ఆంధ్రా యూనివర్సిటీ, పరవాడ ఫార్మా సిటీ అన్నీ వైజాగ్‌లోనో దాని పక్కనో ఉన్నాయి కదా, వీళ్లు కలిసి కూర్చుంటే ఈ పని ఇక్కడే చెయ్యొచ్చు, ప్రభుత్వం దీనికి డబ్బులివ్వాలి. మందు దొరికేదాకా మాత్రం ఆగలేం, బీచ్ ఇసకలో పిల్లలు ఆడుకునే చోటే వీధికుక్కలూ తిరుగుతున్నాయి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్‌కి పట్టుకెళ్లిన ప్రతి కుక్కకీ నులిపురుగుల మందు కూడా వేశాకే నగరపాలక సంస్థ జీవీఎంసీ దాన్ని వదలాలి.